నిమ్మ మొక్కకు పూచీ ఎవరిది?

ధర పడిపోతే నిమ్మ రైతుకు ఒక ఏడాది నష్టం. తెగులున్న మొక్క నాటితే తోటే పోతుంది. నెల్లూరు తీరాన గూడూరు, పొదలకూరు మార్కెట్లకు కాయ తోలే రైతులకు ట్రిస్టెజా వైరస్ గురించి ఈ సంచికలో చెప్పడం మా బాధ్యత.

వైరస్ సోకిన మొక్క నర్సరీలో పచ్చగానే కనిపించవచ్చు. పెరిగేకొద్దీ ఆకుల ఈనెలు పాలిపోతాయి. బెరడు ఒలిస్తే కాండం మీద గుంటలుంటాయి. కాయ సైజు తగ్గి, చెట్టు క్షీణిస్తుంది. అప్పటికే మూడు నాలుగేళ్ల పెట్టుబడి మట్టిలో ఉంటుంది. సోకిన చెట్టును నయం చేసే మందు లేదు.

సైన్సు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1995లో ఈ వైరస్ జన్యుక్రమాన్ని పూర్తిగా చదివారు. అందులో 19,296 అక్షరాలున్నాయి. 2001లో తాతినేని సత్యనారాయణ, ఫ్లోరిడాలోని సహచరులు దాని పూర్తి నకలును ప్రయోగశాలలో తయారుచేసి, దానితోనే నిమ్మజాతి చెట్లకు వైరస్ సోకించి చూపారు. వైరస్‌లో ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకోవడానికి దారి దొరికింది.

రైతుకు దీనివల్ల ఒరిగేదేమిటి? జన్యుక్రమం తెలుసు కాబట్టే, లక్షణాలు బయటపడకముందే చిన్న ఆకుముక్కతో పీసీఆర్ పరీక్ష చేసి వైరస్ ఉందో లేదో చెప్పవచ్చు. తీవ్రమైన రకాన్ని, మెతక రకాన్ని వేరు చేయవచ్చు. మెతక రకాన్ని ముందే ఎక్కించి తీవ్రమైన దాన్ని అడ్డుకునే పద్ధతితోనే బ్రెజిల్ తన పేరా నారింజ తోటలను నిలబెట్టుకుంది.

మనకు ఇంకో వెసులుబాటు ఉంది. మన నిమ్మ ఎక్కువగా గింజ మొక్క. ఈ వైరస్ గింజ ద్వారా రాదు. అంటుపుల్ల ద్వారా, పేనుబంక ద్వారా వస్తుంది. అంటే మొలిచేటప్పుడు మొక్క శుభ్రమే. తెగులు చెట్ల పక్కన ఆరుబయట పెంచే నర్సరీలోనే జబ్బు అంటుకునే ప్రమాదం మొదలవుతుంది. సన్నటి వల కింద పెంచితే అక్కడ చాలావరకు ఆపవచ్చు.

అందుకే ప్రభుత్వాన్ని మేము కోరేది ఇదీ. వలల నీడలో పెంచిన మొక్కలనే అమ్మనివ్వాలి. చిన్న నర్సరీలకు వలల ఖర్చులో సాయం చేయాలి. పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానంలో రైతు తెచ్చిన ఆకుకు ఉచితంగా వైరస్ పరీక్ష చేయాలి. 2010 నాటి నర్సరీల నమోదు చట్టాన్ని కచ్చితంగా అమలుచేసి, తెగులు మొక్క అంటగట్టినవారి నుంచి పరిహారం ఇప్పించాలి.

రైతు సోదరులారా! రసీదు, నర్సరీ నమోదు సంఖ్య లేకుండా మొక్క కొనకండి. ఆ కాగితం ముక్క లేకపోతే రేపు మీ తరఫున అడగడానికి సంఘం చేతిలో ఆధారం ఉండదు.