పరదేశంలో దద్దుర్లు: పొట్లం పంపకండి, బీమా కార్డు అడగమనండి



బరంపురం, షోలాపూర్, భివండీ, బళ్ళారి, హోసూరు, ఏ ఊళ్ళో చూసినా మన వాళ్ళలో ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో పని చేస్తున్నారు. చదువుకున్న పిల్లలు లండన్‌కో అమెరికాకో వెళ్తున్నారు. అక్కడ ఒళ్ళు నలిగితే మొదటి ఫోను అమ్మకే వస్తుంది. "ఒంటి నిండా దద్దుర్లు, రాత్రి నిద్ర లేదు, డాక్టరు దగ్గరికి వెళ్తే సగం జీతం పోతుంది, హకీమ్ గారిని అడిగి ఏదైనా మందు పంపండి" అని. ఆ మాట పట్టుకుని తల్లిదండ్రులు నా దవాఖానాకు వస్తారు. వారికి చెప్పేదే ఈ వారం మీ అందరికీ చెబుతున్నాను. నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు.

ముందు జబ్బు సంగతి. చర్మం మీద ఎర్రగానో తెల్లగానో ఉబ్బి, విపరీతంగా దురదపెట్టి, కొన్ని గంటల్లో ఒక చోట మాయమై ఇంకో చోట లేచేవే దద్దుర్లు. ఆయుర్వేదం వారు శీతపిత్తమన్నారు, ఉర్దూలో పిత్తీ అంటారు, యునానీలో దీని పేరు షరా. మా గ్రంథాలు దీన్ని ముఖ్యంగా రెండు విధాలుగా చెబుతాయి. రక్తం, పిత్తం వేడెక్కి వచ్చేది ఎర్రగా మంటగా ఉంటుంది. కఫం వల్ల వచ్చేది తెల్లగా ఉండి రాత్రిపూట ఎక్కువవుతుంది. అల్లోపతీ వారు ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉంటే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు.

ఈ దీర్ఘకాలిక దద్దుర్లకు చాలామందిలో తిండి కారణం కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ తన మీదే తిరగబడటం వల్ల చర్మంలోని కొన్ని కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి, దద్దురు లేస్తుంది. వంకాయ మాని, చేప మాని, గుడ్డు మాని నెలల తరబడి చారన్నంతో బతికే వారిని నేను చూస్తున్నాను. దద్దురు ఆగదు, మనిషి మాత్రం చిక్కిపోతాడు. ఎండలో పని చేసే గల్ఫ్ కూలీలకు వేడికీ చెమటకీ సన్నటి పొక్కుల్లా వచ్చే రకం కూడా ఉంది. కొందరికి బెల్టు బిగుతు, భుజాన మోసే బరువు చాలు. ఒళ్ళు నొప్పులకని వేసుకునే డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ బిళ్ళలు కూడా దద్దుర్లను పెంచగలవు.

ఇప్పుడు డబ్బు సంగతి. పరదేశంలో మన పిల్లల డబ్బు మూడు చోట్ల వృథా అవుతోంది. మొదటిది పెద్ద పెద్ద ఎలర్జీ పరీక్షలు. దీర్ఘకాలిక దద్దుర్లకు సాధారణంగా రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ వంటి చిన్న పరీక్షలు చాలు. స్పెషలిస్టు అయితే థైరాయిడ్‌కు సంబంధించినవీ ఐజీఈ కూడా చూస్తాడు. యాభై రకాల తిండి పదార్థాల జాబితా పరీక్షించడం ఎక్కువమందికి అనవసరం. రెండోది స్టెరాయిడ్ సూది. వేసిన రోజు స్వర్గం, ఆగిన వారానికి మళ్ళీ మొదలు. పదేపదే వాడితే షుగరు, బీపీ, ఎముకల బలహీనత తప్పవు. మూడోది పేరు లేని చూర్ణాలు. "గ్యారంటీ" అని అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ కలిపే దొంగలు మా రంగంలోనూ ఉన్నారు. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ దాచడం ఇంకా పెద్ద తప్పు.

మరి చవకైన దారి ఏది? మొదట కావలసింది స్పెషలిస్టు కాదు, మామూలు డాక్టరు. ఈ జబ్బుకు మొదటి మందు మత్తు తక్కువగా ఇచ్చే యాంటీహిస్టమిన్ బిళ్ళ: సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటివి. ఇవి ప్రపంచమంతటా చవకగా దొరుకుతాయి. దురద వచ్చినప్పుడు ఒకటి వేసుకుని ఊరుకుంటే లాభం లేదు, రోజూ క్రమంగా వేసుకోవాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గకపోతే డాక్టరు మోతాదును నాలుగు రెట్ల వరకు పెంచవచ్చు. సొంతంగా పెంచకూడదు. అప్పటికీ లొంగకపోతేనే స్పెషలిస్టు, నాలుగు వారాలకు ఒకసారి ఇచ్చే ఒమాలిజుమాబ్ సూది. అది ఖరీదైనది, బీమా లేనిదే సామాన్యుడికి అందదు. చాలామందికి అంత దూరం పోవలసిన అవసరమే రాదు. ఈ జబ్బు ఎక్కువమందిలో ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు తనంతట తానే సద్దుమణుగుతుంది.

ఒక జాగ్రత్త. పాత రకం మత్తు బిళ్ళలు, అవిల్ వంటివి, క్రేన్ నడిపేవాడూ లారీ తోలేవాడూ ఎత్తున పరంజా మీద నిలబడేవాడూ పగలు వేసుకోకూడదు. దురద పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. సెట్రిజిన్ కూడా కొందరికి మత్తు ఇస్తుంది కనుక మొదట రాత్రి వేసుకుని చూడాలి.

ఇక దేశాల వారీగా. దుబాయ్‌లో ఉద్యోగికి ఆరోగ్య బీమా ఇవ్వడం 2013 నాటి చట్టం ప్రకారం యజమాని బాధ్యత. షార్జా, అజ్మాన్ మొదలైన ఉత్తర ఎమిరేట్లలో కూడా 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు ఉద్యోగులకు బీమా తప్పనిసరి. అక్కడి ప్రాథమిక బీమా ఏడాదికి 320 దిర్హాములు, అది కట్టవలసింది యజమాని. సౌదీలోనూ ప్రైవేటు కంపెనీ తన ఉద్యోగికి బీమా చేయాలి. మన పిల్లల్లో చాలామంది ఆ కార్డు కంపెనీ ఆఫీసులోనే ఉండిపోయినా అడగరు. క్యాంపు సూపర్‌వైజరుకు భయపడి సొంత డబ్బుతో ఫార్మసీలో సూది వేయించుకుంటారు. అందుకే తల్లిదండ్రులకు నా మనవి: ఫోనులో "మందు పంపనా?" అని అడగకండి, "బీమా కార్డు నీ చేతిలో ఉందా?" అని అడగండి. యజమాని ఇవ్వకపోతే దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, ఉచిత నంబరు 800 46342. మిగతా దేశాల్లో భారత రాయబార కార్యాలయానికి చెప్పుకోవచ్చు.

ఇంగ్లండులో చదివే పిల్లలు వీసాతోనే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టి ఉంటారు, ఉద్యోగులు 1,035 పౌండ్లు. ఇది 2024 ఫిబ్రవరి నుంచి ఉన్న లెక్క. కట్టిన డబ్బుకు జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోకుండా ప్రైవేటు డాక్టరును వెతకడం తెలివి కాదు. స్పెషలిస్టు కావాలంటే జీపీయే పంపుతాడు. అమెరికాలో విద్యార్థి తన యూనివర్సిటీ హెల్త్ సెంటరునూ, బీమా లేనివారు ఆదాయాన్ని బట్టి రుసుము తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లనూ ఆశ్రయించాలి. అక్కడ సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మూడూ చీటీ లేకుండానే దుకాణంలో దొరుకుతాయి.

యునానీ మాటేమిటి అంటారా? షాహ్‌తరా, ఉన్నాబ్, చిరాయితా, చందనం మా ఔషధాల్లో శతాబ్దాలుగా ఉన్నవే, నేనూ ఇస్తాను. కానీ నాడి చూడకుండా, నాలుక చూడకుండా, మిజాజు తెలియకుండా వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి పరదేశానికి మందు కట్టివ్వను. ఇవ్వకూడదని నా తోటి హకీములకూ చెబుతున్నాను. పిల్లవాడు సెలవుకు వచ్చినప్పుడు తీసుకురండి. బెంగళూరులో జాతీయ యునానీ సంస్థ ఉంది. చెన్నై, ముంబై, ఒడిశాలోని భద్రక్‌లలో కేంద్ర యునానీ పరిశోధనా మండలి వారి ప్రాంతీయ సంస్థలున్నాయి. హైదరాబాదులో చర్మవ్యాధులకే ప్రత్యేకమైన జాతీయ సంస్థ ఉంది. ఇవి ప్రభుత్వానివి, ఖర్చు తక్కువ. అక్కడ చూపించుకున్నా వేసుకుంటున్న యాంటీహిస్టమిన్ సంగతి దాచకండి, దాన్ని ఉన్నట్టుండి మానకండి.

ఊరికి వచ్చి వెళ్ళేవారి చేతికి పొట్లం కట్టి ఇచ్చే అలవాటు మానాలి. కొన్ని యునానీ మాజూన్లలో, ఉదాహరణకు బర్షాషాలో, నల్లమందు ఉంటుంది. గల్ఫ్‌లో అది పట్టుబడితే జైలే. మన వంటింటి గసగసాలు సైతం యూఏఈ, సౌదీల్లో నిషిద్ధం. లేబుల్ లేని పొడిలో ఏముందో విమానాశ్రయంలో మీ అబ్బాయి చెప్పలేడు. మీరు పంపిన ప్రేమ అతని మీద కేసు కాకూడదు. మామూలు బిళ్ళలైనా అసలు స్ట్రిప్పులో, డాక్టరు చీటీతో, తన పేరు మీదనే తీసుకెళ్ళాలి. జనఔషధి దుకాణంలో కొంటే ఖర్చు ఇంకా తక్కువ.

చివరిగా కొన్ని ప్రమాద సూచనలు. పెదవి, నాలుక, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా హకీమూ వద్దు, ఫోనూ వద్దు, వెంటనే అంబులెన్సు: యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఇంగ్లండులో 999, అమెరికాలో 911. ఒక్కొక్క దద్దురు 24 గంటలు దాటినా, నొప్పి పెట్టినా, గాయపు మచ్చ మిగిల్చినా, జ్వరం కీళ్ళనొప్పులు తోడైనా అది వేరే జబ్బు కావచ్చు. అప్పుడు మాత్రం స్పెషలిస్టు ఖర్చుకు వెనుకాడవద్దు.

దద్దురు డాక్టరు దగ్గరికి చేరేలోపు మాయమవుతుంది కనుక ఫోటో తీసి ఉంచుకోమనండి. ఏ రోజు, ఏ వేళ, ఏ పని చేస్తుండగా, ఏ బిళ్ళ వేసుకున్నాక లేచిందో చిన్న పుస్తకంలో రాసుకోమనండి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. ఆ పుస్తకం, బీమా కార్డు చేతిలో ఉన్న మనిషికి మామూలు డాక్టరు కూడా సరైన వైద్యం చేయగలడు.