చేవ్రాలు చెప్పే సాక్ష్యం

గుమాస్తాగిరీలో ఇరవై ఏండ్లు గడిపిన మాకు కాగితమంటే గౌరవమూ ఉన్నది, భయమూ ఉన్నది. మనిషి పోయినా చేవ్రాలు మిగులుతుంది. అది అతనిదేనని చెప్పేదెవరు?

ఈ ప్రశ్న మా ఇంటికే వచ్చినది. మా పెదతండ్రిగారు పోయిన ఆరు నెలలకు ఒకాయన ప్రోనోటు తెచ్చి బాకీ తీర్చమన్నాడు. స్టాంపు మీద వణుకుతున్న తెలుగు చేవ్రాలు. పెద్దమ్మ చూచి, "ఇది ఆయన దస్తూరీ కాదు నాయనా, ఆయన అక్షరం ముత్యంలా ఉండేది" అన్నది. మేమూ అదే నమ్మినాము. వ్యాజ్యం సాగినది. కోర్టు చుట్టూ తిరిగినది మేమే.

నిపుణుడు అసలు ప్రోనోటే కావాలన్నాడు. నకలులో కలం ఒత్తిడి తెలియదట. పోల్చి చూచుటకు అదే కాలపు చేవ్రాళ్లు కావాలన్నాడు. ఇల్లంతా వెదకినాము. చివరకు మన సంఘం పాత మినిట్సు పుస్తకమే దిక్కయినది. కోశాధికారిగా ఆయన నెలనెలా అందులో సంతకం చేసినారు. చివరి ఏడాది పుటలు తిప్పితే మా గుండె జారినది. అక్కడా అదే వణుకు!

దొంగ సంతకం చేసేవాడు అక్షరాన్ని వ్రాయడు, బొమ్మ గీసినట్లు గీస్తాడు. గీత నెమ్మదిగా పోతుంది, అనవసరమైన చోట కలం లేస్తుంది, దిద్దుబాటు కనబడుతుంది. జబ్బు మనిషి చేయి వణికినా అలవాటైన దారి తప్పదు. నిపుణుడు ఈ భేదమే చూపి, చేవ్రాలు నిజమన్నాడు. పెద్దమ్మ అబద్ధమాడలేదు. ఆమెకు గుర్తున్నది మంచిరోజుల దస్తూరీ.

అయినా జడ్జిగారు ఆ ఒక్క మాటతో తీర్పు చెప్పలేదు. ప్రోనోటుపై సాక్షి సంతకం చేసినవానిని విచారించి, తామూ పోల్చి చూచినారు. 1872 నాటి సాక్ష్య చట్టం వీటికి వీలిచ్చినది. 2024 జులై 1 నుండి దాని స్థానే అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ 39, 72 సెక్షన్లు ఇవే చెబుతున్నవి. 1979లో మురారీలాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వ్రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. వ్రేలిముద్రల శాస్త్రమంత నిర్దుష్టమైనది కాదు గనుక దస్తూరీ నిపుణుని మాటను జాగ్రత్తగా, కారణాలు పరిశీలించి తీసుకోవాలన్నారు. అయితే వేరే బలం లేనిదే ఎన్నడూ నమ్మరాదన్న నియమం లేదనీ తేల్చినారు.

అసలూ వడ్డీ చెల్లించినాము. "ఆయన బాకీ ఉండిపోలేదు, అంతే చాలు" అన్నది పెద్దమ్మ.

పాఠకులకు మా మనవి ఒక్కటే. పెద్దల సంతకాలున్న రసీదులు, పుస్తకాలు తేదీలతో సహా దాచండి. పాత కాగితాలని చిత్తుకు వేయకండి. అవి మనకు అనుకూలంగా చెప్పినా, ప్రతికూలంగా చెప్పినా నిజమే చెబుతవి.