కళాశాల యెంపికలో స్కీ కొండకు గల స్థానము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో మార్చి మాసము ముగియునాటికి కళాశాలల ప్రవేశనిర్ణయములు చాలవరకు వెలువడును. మే 1వ తేదీలోగా విద్యార్థి తన యెంపికను తెలుపవలసియుండును. ఈ నడిమి కాలమున, న్యూజెర్సీలోనో డెన్వరులోనో సియాటిల్‌లోనో స్థిరపడిన మన తెలుగు కుటుంబములయందును, తల్లిదండ్రులు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఏ కళాశాలకు పేరెక్కువ, ఎచ్చట ఫీజు తక్కువ, ఏ పట్టమునకు ఉద్యోగము త్వరగా లభించును అను విషయములను రాత్రి ప్రొద్దుపోవువరకు తర్కించుచుందురు. ఆ తర్కమునందు ఒక ప్రశ్న మాత్రము తలయెత్తిన మరుక్షణమే అణచివేయబడుచున్నది. చిన్ననాటినుండి బడి స్కీ క్లబ్బు బస్సులో కొండకు పోయి, మంచువాలుపై జారుట నేర్చి, దానియందే ప్రాణము పెట్టుకొనిన పిల్ల "నాన్నా, ఈ కాలేజీకి స్కీ కొండ ఎంత దూరం?" అని అడిగినచో, "చదువుకోడానికి పోతున్నావా, ఆడుకోడానికి పోతున్నావా?" అను ప్రత్యుత్తరముతో ఆ సంగతి అంతటితో ముగియును. అది న్యాయమైన ప్రశ్న యనియు, చదువు, వ్యయము అను రెండింటి తరువాత మూడవదిగానైనను దానిని త్రాసునందుంచి తూచవలసినదే యనియు, అట్లు తూచునపుడు కొండ యొక్క దూరమును గాక విద్యార్థి కాలమును కొలమానముగా గ్రహింపవలయుననియు నా దృఢమైన అభిప్రాయము.

క్రీడను విద్యకు శత్రువుగా భావించు పెద్దలు, ఆ దేశపు కళాశాలల చరిత్రను ఒకసారి పరికింపవలసియున్నది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున హానోవర్ అను చిన్న పట్టణమందున్న డార్ట్‌మత్ కళాశాలలో 1909వ సంవత్సరమున ఫ్రెడ్ హారిస్ అను విద్యార్థి, తోటివారు చలికాలమంతయు వెచ్చని గదులలో ముడుచుకొని కూర్చుండుట సహింపక, స్కీయింగును స్నోషూలతోడి నడకను అభ్యసించుటకు ఒక సంఘము కావలయునని కళాశాల పత్రికకు లేఖ వ్రాసెను; ఆ లేఖనుండి పుట్టినదే డార్ట్‌మత్ ఔటింగ్ క్లబ్బు. రెండేండ్లు గడచునంతలో, 1911న, ఆ సంఘము శీతకాలోత్సవమును ఆరంభించెను. 1935న సమీపమందలి ఓక్ హిల్ అను గుట్టమీద, పైనుండి సాగు తీగకు వ్రేలాడు కొంకిని ఆనుకొని స్కీయరు వాలుపైకి పోవు లిఫ్టు వెలసెను; 1956న లైమ్ అను పొరుగూర కళాశాల తన స్వంత స్కీ కొండను తెరచెను. అచ్చట స్కీయింగు పాఠములు శారీరక విద్యలో భాగముగా పరిగణింపబడుచున్నవి. శీతకాల ఒలింపిక్సు క్రీడలకు ఆ కళాశాలనుండి పోయినవారు పెక్కుమంది. వెర్మాంట్ రాష్ట్రమందలి మిడిల్‌బరీ కళాశాలకు సైతము 1934 నాటినుండి స్నో బౌల్ అను స్వంత కొండ కలదు. అచ్చట కొందరు విద్యార్థులు సెప్టెంబరున గాక ఫిబ్రవరిలో చేర్చుకొనబడుదురు. నాలుగేండ్ల పిదప వారు పట్టము పుచ్చుకొను దినమున నల్లని గౌనులు, టోపీలు ధరించి స్కీలమీద ఆ కొండవాలుపై జారుచు దిగివచ్చుట ఆచారము. కళాశాలయే తన సొమ్ము వెచ్చించి కొండను పోషించుచు, దానిపై పట్టప్రదానోత్సవమునే జరుపుకొనుచుండగా, ఆ కొండను గూర్చి అడిగిన విద్యార్థిని బాధ్యతయెరుగనిదిగా తలంచుట ఎట్లు సమంజసము?

అయినను, సంప్రదాయము కంటె బలమైన కారణము మఱియొకటి కలదు. ఆ ప్రాంతపు చలికాలము గోదావరి తీరమున పుట్టి పెరిగినవారి ఊహకు అందునది కాదు. హానోవరులో డిసెంబరు మాసమున సాయంకాలము 4 గంటలు దాటిన కొలది నిమిషములకే సూర్యుడస్తమించును. నవంబరున రాలిన మంచు ఏప్రిల్ వరకు నేలను విడువని సంవత్సరములు గలవు. గ్రంథాలయమునకు, భోజనశాలకు, నిద్రాగృహమునకు నడుమ తిరుగుటయే జీవితముగా నెలలు గడచును. పదునెనిమిదేండ్ల వయస్సున తొలిసారిగా ఇల్లు విడిచిన యువతీయువకులను ఆ చీకటి కొందరిని నిద్రకును, కొందరిని ఒంటరితనమునకును, కొందరిని మద్యమునకును అప్పగించుచున్నదని అచ్చటి అధ్యాపకులందరును ఎరుగుదురు. చలిని శత్రువుగా గాక వచ్చిన ఋతువుగా స్వీకరించి, తెల్లవారుజామున లేచి, బూట్లు బిగించుకొని, నలుగురితో కూడి కొండకు పోవుటకు ఒక కారణము గల విద్యార్థి ఆ నెలలను తక్కినవారివలె భరింపడు, అనుభవించును. దేహము అలసిన రాత్రి నిద్ర పట్టును. కొండమీద కలిసినవారు తరగతిలో మిత్రులగుదురు. మంచు ఎప్పుడు పడునా యని ఎదురుచూచువానికి మబ్బు పట్టిన ఆకాశము దిగులు పుట్టింపదు. నాలుగేండ్ల చదువులో చలికాలపు పాలు ఇంచుమించు సగము. ఆ సగమును ఎట్లు గడుపుదుమను విచారము చదువును గూర్చిన విచారములో చేరినదేకాని, దానికి వెలుపలిది కాదు.

"ఉద్యోగము వచ్చిన తరువాత కావలసినంత స్కీయింగు చేయవచ్చును గదా" యని కొందరందురు. ఆ మాట వినుటకు యుక్తియుక్తముగా నున్నను ఆచరణయందు నిలుచునది కాదు. క్రొత్తగా ఉద్యోగమున చేరినవారికి అచ్చట సంవత్సరమునకు లభించు సెలవు సాధారణముగా రెండు మూడు వారములు. అందును స్వదేశమునకు వచ్చి తాతయ్య, నానమ్మలను చూచి పోవుటకే సగము చెల్లిపోవును. తోటివారు నలుగురు ఒకే చోట నివసించుట, వారము నడుమ ఒక మధ్యాహ్నము ఖాళీగా దొరకుట, పడిన దెబ్బ త్వరగా మానుట అను మూడు భాగ్యములు ఒకేసారి కూడివచ్చు కాలము మనుష్యజీవితమున మఱల రాదు.

ఇక తూచు విధమును గూర్చి చెప్పవలసియున్నది. పిల్లలును పెద్దలును పొరపడునది ఇచ్చటనే. పటమును తెరచి, కళాశాలకును కొండకును నడుమ ఎన్ని మైళ్లని చూచి, ఇంతయేగదా యని తృప్తిపడుదురు. సాల్ట్ లేక్ సిటీలోని యూటా విశ్వవిద్యాలయమును దృష్టాంతముగా గైకొందము. 2002వ సంవత్సరపు శీతకాల ఒలింపిక్సు ప్రారంభోత్సవము జరిగిన క్రీడాంగణము ఆ విశ్వవిద్యాలయపుదే. ఆల్టా, స్నోబర్డ్, బ్రైటన్, సాలిట్యూడ్ అను నాలుగు ప్రసిద్ధ స్కీ స్థలములు అచ్చటికి గంటలోపు ప్రయాణములో రెండు కనుమలయందున్నవి. నగరపు బస్సు ఆ కనుమలలోనికి పోవును. పెద్ద విశ్వవిద్యాలయమొకటి ఇంతటి కొండలకు ఇంత చేరువగా నుండుట అరుదు. కాని ఆల్టాకు పోవు లిటిల్ కాటన్‌వుడ్ కనుమ దారి మంచుచరియలు విరిగిపడు పెక్కు మార్గముల క్రిందుగా సాగును. రాత్రియంతయు మంచు మెండుగా కురిసిన ఉదయమున, కొండచరియలపై పేరుకొనిన మంచును ప్రేలుడుపదార్థములతో ముందుగనే దింపివేయుటకై ఆ దారిని మూసివేయుదురు, తెరచిన పిమ్మట వాహనముల బారు కనుమ ముఖమునుండి నగరమువరకు సాగును. ఏ ఉదయమున స్కీయరు మనస్సు కొండవైపు పరుగెత్తునో ఆ ఉదయముననే దారి దొరకదు. పది గంటలకు తరగతి గల విద్యార్థికి ఆ దినమున ఆల్టా యున్నను లేనట్లే. 

కొలరాడో రాష్ట్రమున విశ్వవిద్యాలయము గల బౌల్డర్ పట్టణపు విషయమును ఇట్టిదే. అచ్చటికి వచ్చు విద్యార్థులు వేయిల్, బ్రెకెన్‌రిడ్జ్ అను పేర్లు విని వత్తురు. ఆ కొండలకు పోవు ఐ-70 రహదారి ఇంచుమించు 3,400 మీటర్ల యెత్తున, 1973న తెరచిన ఐసెన్‌హవర్ సొరంగముగుండ పోవును. శనివారపు ఉదయములందును ఆదివారపు సాయంకాలములందును ఆ దారిమీద గంటలతరబడి నిలిచిపోవుట సామాన్యము. విశేషమేమనగా, బౌల్డరు వాకిట నున్నదనదగిన ఎల్డోరా అను చిన్న కొండకు, పేరు లేకపోయినను, బస్సులో పోయి మధ్యాహ్నమునకు తిరిగి రావచ్చును. ఏడాదికి మూడుమారులు చూచు గొప్ప కొండకంటె వారమునకొకసారి ఎక్కు చిన్న కొండ విద్యార్థికి ఎక్కువ మేలు చేయునని నేను నమ్ముదును.

కొండ దగ్గరనున్నను పాఠ్యక్రమము అనుకూలింపకున్న ప్రయోజనము లేదు. మిడిల్‌బరీలో జనవరి మాసమంతయు విద్యార్థి ఒక్క పాఠ్యవిషయమునే చదువును. మధ్యాహ్నములు చాలవరకు అతనివే. డార్ట్‌మత్‌లో సంవత్సరము పది వారముల చొప్పున నాలుగు భాగములుగా విభజింపబడియుండుటచే, శీతకాలపు భాగము ఒక ఉరుకుగా గడచిపోవును. అయినను ఏ భాగమున చదువుదునో, ఏ భాగమున వెలుపల పనిచేయుదునో విద్యార్థి కొంతవరకు తానే నిర్ణయించుకొనవచ్చును. రసాయనశాస్త్రమును గాని ఇంజినీరింగును గాని ఎన్నుకొనినవానికి మధ్యాహ్నములు ప్రయోగశాలలకే పోవును గనుక, వాని లెక్క సాహిత్యవిద్యార్థి లెక్క కానేరదు. కావున, "వారమున నాకు వెలుతురు గల ఖాళీ గంటలు ఎన్ని మిగులును, ఆ గంటలలో కారు లేకుండ పోయి రాగలనా?" అను ప్రశ్నకు సమాధానము తెలిసిననాడు స్కీయింగు సౌకర్యము తెలిసినట్లు.

వ్యయమును గూర్చి దాచకుండ చెప్పవలయును, ఏలయన ఈ క్రీడకు ధనికుల క్రీడ యను పేరు ఊరక రాలేదు. వేయిల్ వంటి స్థలములలో ఒక్కదినపు టికెట్టు వెల 200 డాలర్లు మించిపోయినది. 2008న ఎపిక్, 2018న ఐకాన్ అను సీజన్ పాసులు వెలువడిన పిమ్మట, ముందుగా కొనువారికి దినమొక్కింటికి వ్యయము తగ్గినను, స్కీలు, బూట్లు, హెల్మెట్టు, ప్రయాణము మిగిలియే యున్నవి. ఇచ్చట కళాశాలలలో ఎంతో భేదము కలదు: స్వంత కొండ గలవి తమ విద్యార్థులకు పాసును చౌకగా ఇచ్చును, మోంటానా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చేరువనున్న బ్రిడ్జర్ బౌల్ లాభాపేక్ష లేని సంస్థచే నడుపబడుచున్నది. హైదరాబాదునుండియో గుంటూరునుండియో అప్పు చేసి ఎమ్మెస్ చదువుటకు వచ్చు విద్యార్థులకు మాత్రము నా సలహా వేరు. చదువు సాగు దినములలో వారమునకు 20 గంటలకు మించి పనిచేయుటకు వారికి అనుమతి లేదు. అట్టివారు కొండను చూచి విశ్వవిద్యాలయమును ఎన్నుకొనుట తగదు. చేరిన పిమ్మట దగ్గర కొండ యున్నచో, ప్రథమాభ్యాసకుల పాఠమునకు ఒకసారి పోయి మంచుమీద నిలువ నేర్చుకొనుటకు వెనుదీయనవసరము లేదు.

తల్లుల భయము మోకాలిని గూర్చినది. అది నిరాధారము కాదు. మోకాటి లోపలి సంధిబంధనము (లిగమెంటు) తెగుట ఈ క్రీడయందు తరచుగా కలుగు గాయము. సరిహద్దు తాళ్లను దాటి కావలి లేని వాలులపైకి పోవువారు మంచుచరియల క్రింద చిక్కుకొను ప్రమాదము కలదు. గస్తీదళము కాపాడు వాలులమీదనే ఉందునని పిల్లచేత మాట తీసికొనుట న్యాయము. చదువబోవు ఊరే మార్చుట న్యాయము కాదు.

స్కీయింగుకై వదలుకొనగూడని వాటిని గూర్చియు చెప్పవలెను. ఇంజినీరింగు పట్టమును కోరు పిల్ల, ఆ శాఖయే లేని మిడిల్‌బరీలో స్నో బౌల్‌కై చేరినచో, నాలుగేండ్ల పిదప మఱల మొదటినుండి నడువవలసి వచ్చును. ఏటికి ఇరువదివేల డాలర్ల అధికవ్యయము గల కళాశాలను కొండకొఱకు ఎన్నుకొనుట, ఆ అప్పు తీరువరకు కొండకు పోకుండుటయే యగును. మఱియు మంచు సైతము నమ్మదగినది కాదు: వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ కొండలు తక్కువ యెత్తువి యగుటచే జనవరిలోనే వాన కురిసి వాలులు గడ్డకట్టిన దినములు కలవు, యంత్రములతో మంచును తయారు చేయక తప్పుట లేదు, రాకీ పర్వతములు ఎత్తును పొడిచలియు గలవి గనుక కొంత నయము. మంచునే వృత్తిగా గైకొనదలచినవారి సంగతి వేరు. మోంటానా రాష్ట్ర విశ్వవిద్యాలయమున మంచుశాస్త్రము చదువవచ్చును. కొలరాడో మౌంటెన్ కళాశాలవారు లెడ్‌విల్‌లో స్కీ కొండల నిర్వహణమునే పాఠముగా చెప్పుచున్నారు. అట్టివారికి కొండయే ప్రయోగశాల.

తక్కినవారు, కోరిన శాఖయు భరింపదగిన వ్యయమును గల రెండు మూడు కళాశాలలు చేతికి వచ్చినపుడు, ఏప్రిల్ మాసమున ఒకసారి పోయి చూచుట మంచిది. అప్పటికి వెర్మాంటు వాలులు కరుగుచుండును, ఆల్టాలో మాత్రము లిఫ్టులు ఇంకను తిరుగుచుండును. ప్రవేశకార్యాలయపు అధికారిని గాక, స్కీ క్లబ్బున సభ్యుడైన రెండవ సంవత్సరపు విద్యార్థిని కలిసికొని, గడచిన ఫిబ్రవరిలో ఎన్నిసార్లు కొండకు పోయితివని, ఎట్లు పోయితివని, ఎంత వెచ్చించితివని, ఆ వారము ప్రయోగశాల నివేదికను ఎప్పుడు వ్రాసితివని అడుగవలయును. ఆ మాటలు వినునపుడు తండ్రియు ప్రక్కన నుండుట మేలు.