నకలులో నాదం పలుకుతుందా?

అనుకరణ అన్న మాటకు మన ఇండ్లలో మంచి పేరు లేదు. పిల్లవాడు పక్కవాని కాగితం చూచి వ్రాస్తే తప్పు. సినిమా పాటకు బాణీ ఎక్కడినుండో ఎత్తుకొనివస్తే తప్పు. చేతితో చేసే వాద్యాలను కూడ ఇదే తూనికరాయితో తూచబోతే మాత్రం లెక్క కుదరదు. వీణ సంగతికి వచ్చేముందు, అమెరికా పాఠశాలల్లో మన పిల్లలు చేతబట్టే నాలుగు తంత్రుల ఉకులేలేను ఒకమారు పరిశీలించవలసి ఉన్నది. ఎవరు ఎవరిని అనుకరించారన్న తగవు ఈ చిన్న వాద్యం చుట్టూ నూరేళ్ళకు పైగా నడిచింది.

1879 ఆగస్టు 23న రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ హొనొలులు రేవు చేరింది. అట్లాంటిక్ మహాసముద్రంలోని మదీరా ద్వీపం నుండి, చెరకు తోటల్లో కూలిపనికి ఒప్పందం వ్రాసి వచ్చిన నాలుగు వందల పైచిలుకు పోర్చుగీసువారు అందులో ఉన్నారు. మారిషస్‌కూ నేటాలుకూ తరలిపోయిన మన తెలుగు కూలీల కథ తెలిసినవారికి ఈ ఒప్పందాలు కొత్తవి కావు. ఆ ఓడలో వచ్చినవారిలో మాన్యుయెల్ నూనెస్, అగస్టో దియాస్, జోజే దు ఎస్పిరితు శాంతు అనే ముగ్గురు కొయ్యసామాను చేసే వడ్రంగులు. తోట ఒప్పందం ముగిసిన తరువాత, 1880లలో, వారు హొనొలులు పట్టణంలో దుకాణాలు తెరిచి తమ ఊరి వాద్యాలను చేయసాగారు.

వారు చేసినదేమిటి? మషేట్ అనే నాలుగు తంత్రుల వాద్యం నుండి ఆకారాన్నీ పరిమాణాన్నీ తీసుకొన్నారు. రజావ్ అనే ఐదు తంత్రుల మరొక వాద్యం నుండి శ్రుతి అమరికను తీసుకొని, ఒక తంత్రిని విడిచిపెట్టారు. కొయ్య మాత్రం స్థానికమైన కోవా. ఇది మన తుమ్మ చెట్టుకు దాయాది, హవాయి దీవులలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. మూడింటిలో ఏ ఒక్కటీ వారి సృష్టి కాదు. మూడూ కలిసినప్పుడు పుట్టినది మాత్రం అంతకుముందు లోకంలో లేదు. కలకౌవా మహారాజు ఆస్థానంలో ఆదరణ లభించిన తరువాత అది హవాయి వాద్యమే అయింది. నూనెస్ తరువాతి కాలంలో ఉకులేలేను కనిపెట్టినవాడను నేనే అని ప్రకటించుకొన్నాడు. ఒకే ఓడలో వచ్చి, ఒకే పని చేసిన ముగ్గురిలో ఒక్కరికే ఆ కీర్తి కట్టబెట్టడం న్యాయమని నాకు తోచదు.

1915లో శాన్‌ఫ్రాన్‌సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనతో అమెరికా అంతటా ఉకులేలే పిచ్చి పట్టుకొన్నది. ఇక్కడ పెన్సిల్వేనియాలోని నజరెత్ పట్టణానికి చెందిన మార్టిన్ కంపెనీ కథ ఆసక్తికరమైనది. గిటార్లకు పేరుపొందిన ఈ సంస్థ 1907లోనే కొన్ని ఉకులేలేలు చేసి చూచింది. తమకు అలవాటైన గిటారు పద్ధతిలోనే, స్ప్రూస్ పలక వేసి, లోపల బలమైన బద్దలు అతికించింది. అవి బరువెక్కి, నోరు పెగలక మూలబడ్డాయి. తిరిగి 1916 ప్రాంతంలో మహాగని కొయ్యను పలుచగా చెక్కి, బద్దలు తగ్గించి, హవాయివారి తేలిక పనితనాన్ని అనుసరించిన తరువాతనే ఆ వాద్యం పలికింది. 1920ల మధ్య కాలంలో ఆ కంపెనీ గిటార్లకంటె ఉకులేలేలనే ఎక్కువగా చేసింది. అంటే మొదటి ప్రయత్నం చెడినది అనుకరణ ఎక్కువై కాదు, తక్కువై. ఎదుటివాని పనిని శ్రద్ధగా చూడక, తన పాత అలవాటునే తాను అనుకరించడం చేత చెడింది.

అదే కాలంలో వేరొక రకం అనుకరణ కూడ బయలుదేరింది. ప్రధాన భూభాగంలోని కర్మాగారాలలో చేసిన సరుకుపై హవాయిలో చేసినదని ముద్రవేసి అమ్మసాగారు. దానితో హవాయి పనివారు తమ వాద్యాలకు ‘టాబూ’ అన్న గుర్తును వేయించవలసి వచ్చింది. మార్టిన్ కంపెనీ తన పేరుతోనే అమ్మింది గనుక దానిపై ఆ నింద రాదు. నకిలీ ముద్ర వేసినవారు దొంగిలించినది ఆకారాన్ని కాదు, ఊరి పేరును.

ఇక విజ్ఞానశాస్త్రం ఏమంటున్నదో చూద్దాము. ఉకులేలే మెడపై మెట్ల అమరిక శుద్ధమైన గణితం. తీగ మొత్తం పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగించాలి. ఇట్లు 12 మార్లు చేస్తే తీగ సరిగ్గా సగమై పై షడ్జం పలుకుతుంది. పూర్వం పనివారు ఈ భిన్నాంకం బదులు 18 అన్న అంకెను వాడేవారు. 1581లో దానిని ప్రతిపాదించినవాడు విన్సెంజో గెలీలీ, ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి. 13.5 అంగుళాల తీగకు ఈ పాత లెక్క వేస్తే 12వ మెట్టు వద్ద 6.75 అంగుళాలు మిగలవలసినచోట 6.80 మిగులుతుంది. స్వరం అర్ధస్వరంలో ఎనిమిదవ వంతు తగ్గుతుంది. అయితే వ్రేలితో నొక్కినప్పుడు తీగ బిగిసి స్వరం కొంచెం పెరుగుతుంది గనుక, ఒక లోపాన్ని మరొక లోపం కొంతవరకు సరిచేస్తుంది. పాతవారి పనిలో ఇటువంటి వినోదాలు చాలా ఉన్నాయి. ఈ సూత్రాన్ని ఎవరైనా తీసుకోవచ్చును. గుణకారపు ఎక్కానికి హక్కుదారులు ఉండరు. కాని సూత్రం తెలియక, 13.5 అంగుళాల వాద్యంపై మెట్ల దూరాలను కొలిచి 15 అంగుళాల వాద్యంపై దింపినవాని పని అపస్వరాల పాలవుతుంది.

పలక విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. పలక ఎంత సులభంగా వంగుతుందన్నది దాని మందం ఘనాన్ని అనుసరించి మారుతుంది. 2 మిల్లీమీటర్ల పలకను 1.8కి తగ్గిస్తే బరువు తగ్గేది 10 శాతమే, కాని బిగువు 27 శాతం పడిపోతుంది. పైగా ఒకే జాతి చెట్లలోను, ఒకే చెట్టు నుండి కోసిన రెండు పలకలలోను బిగువు, బరువు ఒక్కటిగా ఉండవు. గొప్ప పనివాని వాద్యాన్ని విప్పి, ప్రతి కొలతనూ వెంట్రుకవాసి తేడా లేకుండ దింపినా, దిగేది కొలతే గాని నాదం కాదు. పలకను వ్రేళ్ళతో తట్టి, వంచి, ‘ఇంక చాలు’ అని ఉలి పక్కన పెట్టవలసిన క్షణం ఏ పటంలోను వ్రాసి ఉండదు. హొనొలులులోని కమకా కుటుంబం తమ కార్ఖానాలో వినికిడి లేని పనివారికి పని ఇచ్చింది. వారు స్పర్శతోనే పలక మందాన్నీ కంపనాన్నీ పసికట్టగలిగేవారు. చెవితో పనిలేకుండ నాదాన్ని తూచడం అంటే ఏమిటో ఆలోచించదగినది.

ఆ కమకా సంస్థ మూలపురుషుడు శామ్యూల్ కమకా 1916లో పని ప్రారంభించాడు. తన పూర్వుల పద్ధతిలో నడుము నొక్కిన ఆకారాన్నే ఏళ్ళ తరబడి చేసి, చేయి తిరిగిన తరువాత, నడుము లేని అనాసపండు ఆకారాన్ని తయారుచేసి 1928లో పేటెంటు పొందాడు. ఆ గడువు తీరిపోయి చాలా కాలమైంది; నేడు ఎవరైనా అనాస ఉకులేలే చేయవచ్చును. పేటెంటు చట్టం ఉద్దేశమే అది. అమెరికా న్యాయస్థానాలు కూడ ఆకారంపై శాశ్వత హక్కు ఇవ్వడానికి వెనుకాడుతూ వచ్చాయి. గిబ్సన్ కంపెనీ తన గిటారు ఆకృతి కోసం పాల్ రీడ్ స్మిత్ కంపెనీపై వేసిన దావాలో, 2005లో అప్పీలు కోర్టు ప్రతివాది పక్షానే తీర్పు చెప్పింది.

మనవారి విషయానికి వద్దాము. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఒకే పనస దుంగను తొలిచి కుండనూ దండినీ మలిచే ఏకాండి వీణ వారి ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించింది. హవాయివారి టాబూ ముద్ర వలెనే అది కూడ కాపాడేది ఊరి పేరును. వీణ ఆకారాన్ని కాదు. తండ్రి చేసినట్లే కొడుకు చేయడం అక్కడ విద్యాభ్యాసం. అయినా ప్రతి వీణకూ 24 మెట్లను మైనంలో కూర్చి మేళం కట్టేటప్పుడు చెవి మాటే చెల్లుతుంది. పక్క వీణ కొలత తెచ్చి పెడితే చాలదు.

అనుకరణను దాటిన తెలుగువాడు కావాలంటే పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ ఉన్నాడు. పాశ్చాత్య మాండొలిన్‌లో జంటగా ఉండే ఎనిమిది తంత్రులు గమకానికి అడ్డు వస్తున్నవని జంటలను విడదీసి, ఒంటి తంత్రులు పెట్టి, మందర స్థాయి కోసం ఐదవ తంత్రిని చేర్చి, విద్యుత్ సహాయంతో నాదాన్ని నిలబెట్టాడు. మార్చాలన్న కోరికతో కాక, రాగం అడిగినంత మేరకే మార్చాడు. 2014లో ఆయన మరణించేనాటికి అది కర్ణాటక వాద్యంగా స్థిరపడిపోయింది.

మన అమెరికా తెలుగు కుటుంబాలపై నాకొక ఫిర్యాదు ఉన్నది. వీణ తెప్పించుకొనేటప్పుడు ‘అమ్మమ్మగారి వీణ వంటిదే, ఏ మార్పూ లేకుండ’ అని మనం పట్టుబడతాము. 75 శాతం తేమగల గాలిలో కొయ్య తన పొడి బరువులో సుమారు 14 శాతం నీటిని నిలుపుకొంటుంది. 25 శాతం తేమలో అది 5 శాతం దరిదాపులకు పడిపోతుంది. చికాగోలోనో డెట్రాయిట్‌లోనో చలికాలమంతా హీటరు నడిచే ఇంటిలో గాలి అంత పొడిగానూ ఉంటుంది. నీరు పోయినకొద్దీ కొయ్య అడ్డంగా కుంచించుకొంటుంది, ఒంటి దుంగలో ఆ ఒత్తిడి పోవడానికి దారి లేక బీటగా బయటపడుతుంది. ఎండాకాలం కారులో మరచిపోతే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. మూల వీణ బొబ్బిలి గాలికి తగినట్లు చేయబడినది. దానిని అక్షరాలా నకలు చేయించి మిషిగన్‌లో పెట్టుకోవడం, మార్టిన్ కంపెనీ 1907లో చేసిన పని వంటిదే.

అందుచేత, ఈసారి వీణకు పురమాయించేవారు గొల్లపల్లి పనివారికి తమ ఊరి చలికాలపు తేమ ఎంతో ముందుగా వ్రాసి తెలుపవలెను. కొయ్యను మరికొంత కాలం ఆరనివ్వమనీ, అందుకు అయ్యే అదనపు ఖర్చు, ఆలస్యం తమకు సమ్మతమేననీ చెప్పవలెను. దండి విడదీసే వీణ గాని, మైనానికి బదులు మరొక పదార్థం గాని వారు సూచిస్తే, సంప్రదాయం చెడిపోయిందని కోపగించక విని చూడవలెను. వీణ లోపల ఊరి పేరుతో పాటు, చేసిన మనిషి పేరు, సంవత్సరం కూడ వ్రాయించుకోవలెను. నూరేళ్ళనాటి ఉకులేలేలను నేడు ఎవరివో గుర్తుపట్టగలుగుతున్నది లోపల అతికించిన అటువంటి చిన్న కాగితం ముక్కల వలననే.