గ్యాసూ కాదు, పాపమూ కాదు

ఆడవాళ్ళు కడుపు ఉబ్బరంగా ఉందంటే చాలు, మన ఇళ్ళల్లో వైద్యం రెడీ. శనగపప్పు మానెయ్, వాము నమిలి నీళ్ళు తాగు, గ్యాసే! మా పిన్ని మూడు నెలలు అలాగే వాము నమిలింది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే "డైటింగా?" అని నవ్వాం. నేనూ నవ్వాను. స్కానింగ్ చేయించేసరికి కడుపులో నీరు చేరింది. అండాశయ క్యాన్సర్ అన్నారు. గ్యాస్ అన్న నోళ్ళే అప్పుడు, "ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో!" అన్నాయి.

పాపమా? నేను చదివింది తెలుగు బి.ఏ. అయినా కూర్చుని తెలుసుకున్నాను. వినండి.

కణాలకి "పెరగండి" అని కబురు మోసే ప్రోటీన్లని గ్రోత్ ఫ్యాక్టర్లంటారు. ఆరోగ్యంగా ఉన్న అండాశయానికీ అవి కావాలి. నెలనెలా అండం బయటికొచ్చిన చోట ఒక చిన్న గ్రంథి తయారవుతుంది. వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ దానికి కొత్త రక్తనాళాలు అల్లుతుంది. గర్భం రాకపోతే సుమారు 14 రోజుల్లో ఆ గ్రంథి వాడిపోతుంది. పని అయింది, కబురు ఆగింది.

క్యాన్సర్‌లో ఆ కబురు ఆగదు. గడ్డ తనకి కావలసిన రక్తనాళాలు తనే తెప్పించుకుంటుంది. వీఈజీఎఫ్ ఎక్కువై నాళాల్లోంచి నీరు ఊరి కడుపులో చేరుతుంది. మనం గ్యాస్ అన్నది అదీ! దాన్ని అడ్డుకోవడానికి బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. పాపానికైతే ఇంజెక్షన్ ఉంటుందా?

"వాళ్ళమ్మ వైపు నుంచే వచ్చుంటుంది" అన్నవాళ్ళకీ ఓ మాట. ఈ జబ్బు ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం తండ్రి నుంచి కూడా రావచ్చు. "పాప్ స్మియర్ బాగానే వచ్చిందిగా" అన్నవాళ్ళకి ఇంకోటి. అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. అండాశయం సంగతి అది చెప్పదు.

ప్రతి ఉబ్బరమూ క్యాన్సర్ అని భయపెట్టడం లేదు. చాలాసార్లు గ్యాసే. కానీ కొత్తగా మొదలైన ఉబ్బరం, తినగానే కడుపు నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం, ఇవి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే గైనకాలజిస్టుకి చూపించాలి.

ఇంటాయన ఛాతీలో మంట అంటే అర్ధరాత్రి కారు తీస్తాం. ఇంటావిడ కడుపు ఉబ్బరం అంటే వాము డబ్బా తీస్తాం. పిన్నికి ఇప్పుడు కీమో నడుస్తోంది. ఆ మూడు నెలలు ఎవరు తిరిగిస్తారు? మీరే చెప్పండి.