సూది మందు రేటు అడగడం చిన్నతనం కాదు

మేము బడిలో చదివింది తమిళం, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర, తర్వాత సంఘంలో నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకొని చదవండి. ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము.

మన సంఘంలో పూల వ్యాపారం చేసే ఒక అన్న ఉన్నారు. పేరు వద్దు. పన్నెండేళ్ళుగా షుగర్. రోజుకు 40 యూనిట్లు ఇన్సులిన్, ఉదయం 24, రాత్రి 16. పోయిన ఏడాది ఆయన కాలి వేలు ఒకటి తీసేశారు. చూడడానికి పోయినప్పుడు వదిన బయటికొచ్చి మెల్లగా చెప్పింది: "రాత్రి సూది ఆరు నెలలుగా వేసుకోవడం లేదన్నా. పెన్నులో వేసే మందు కొనలేక పోతున్నామని ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఆ మాట విని మాకు సిగ్గేసింది. నెలనెలా మీటింగులో ఆయన పక్కనే కూర్చొని కాఫీ తాగినవాళ్ళం. మేము రైల్వే పింఛనుదారులం, మా ఇంటావిడకి ఇన్సులిన్ రైల్వే ఆసుపత్రిలో ఇస్తారు. అందుకే దాని రేటెంతో మాకు తెలియనే తెలియదు. మరుసటి రోజు మా ఊళ్ళో మందుల అంగళ్ళకు పోయి అడిగాము. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన చెయ్యి కదా, కాగితం మీద వేసి చూశాము.

ముందు ఒక సంగతి. బుడ్డి రేటును, కార్ట్రిడ్జి రేటును పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాము. 10 మిల్లీలీటర్ల బుడ్డిలో మిల్లీలీటరుకు 40 చొప్పున 400 యూనిట్లు ఉంటాయి. 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జిలో మిల్లీలీటరుకు 100 చొప్పున 300 యూనిట్లు. కాబట్టి యూనిట్ రేటు చూడాల.

పాత రకం హ్యూమన్ ఇన్సులిన్, అంటే 30/70 కలిపిన బుడ్డి, మాకు 160 రూపాయల దగ్గర చెప్పారు. యూనిట్ 40 పైసలు. ఆ అన్నకు నెలకు 1200 యూనిట్లు, మూడు బుడ్లు, 480 రూపాయలు. అదే హ్యూమన్ ఇన్సులిన్ పెన్ను కార్ట్రిడ్జిలో సుమారు 300. నెలకు నాలుగు, 1200 రూపాయలు. కొత్త రకం అనలాగ్ మిశ్రమం కార్ట్రిడ్జి 600 నుంచి 700. నెలకు 2400 నుంచి 2800. రోజుకు ఒకసారి వేసే గ్లార్జిన్ 20 యూనిట్లయితే నెలకు రెండు కార్ట్రిడ్జులు, బ్రాండును బట్టి 1000 నుంచి 1400. అయితే చాలామందికి దాంతోపాటు భోజనం వేళ వేసేది కూడా కావాల. సూదులు, స్ట్రిప్పుల ఖర్చు వేరే. మీ ఊళ్ళో రేట్లు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, తేడా మాత్రం ఇంతే ఉంటుంది.

480 ఎక్కడ, 2800 ఎక్కడ! పూలమ్మి బతికే ఇంట్లో ఆ తేడా ఒక నెల బియ్యం, పప్పు.

ఖరీదైన మందు దండగ అని మేము అనడం లేదు. రాత్రిపూట షుగర్ పడిపోయి చెమటలు పట్టి, స్పృహ తప్పేవాళ్ళకు గ్లార్జిన్ లాంటివి మేలు చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది కూడా అదే. ఇన్సులిన్ అవసరమైన వాళ్ళకు ముందు హ్యూమన్ ఇన్సులిన్ వాడండి, మాటిమాటికీ షుగర్ బాగా పడిపోయే వాళ్ళకు పొడుగు కాలం పనిచేసే అనలాగ్ ఇవ్వండి అని. మన దేశంలోనూ 2022లో అత్యవసర మందుల జాబితాలో గ్లార్జిన్ చేర్చారు. కానీ కొనలేక సగం మానేసిన ఖరీదు మందు కంటే, రోజూ తప్పకుండా వేసుకునే చవక మందే ప్రాణం కాపాడుతుంది.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు మార్చవద్దు. మారిస్తే మోతాదు, వేళ కూడా మారతాయి, డాక్టరే చెప్పాల. బుడ్డికి 40 సిరంజి, ఎర్ర మూతది వాడాల. ఆ సిరంజితో 100 రకం మందు తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

మరి ఆ అన్న డాక్టరును ఎందుకు అడగలేదు? మర్యాద పోతుందని. సర్కారు ఆసుపత్రిలో ఇన్సులిన్ ఊరికే ఇస్తారు, అక్కడ వరుసలో నిలబడితే మనవాళ్ళు చూస్తారని. 2021 ఆగస్టులో "మక్కళై తేడి మరుత్తువం" పథకం మొదలైంది మన తెలుగువాళ్ళు దండిగా ఉండే కృష్ణగిరి జిల్లాలోనే. బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చిస్తారు. అందులో పేరు రాయించుకోవడానికి కూడా మనకు నామోషీ! ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళు 1923లో తమ పేటెంటు హక్కును టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరుకు ఇచ్చేశారు, పేదలకు అందాలని. అట్లాంటి మందు తీసుకోవడానికి సిగ్గెందుకు?

సంఘానికి మా మనవి మూడు మాటలు. ఒకటి, ఉగాదికి శాలువాలు, మెమెంటోలు తగ్గించి, ఆ డబ్బుతో అవసరమున్న సభ్యులకు సిరంజీలు, స్ట్రిప్పులు కొనిద్దాము. పేర్లు బయట చెప్పొద్దు. రెండు, యూనిట్ రేట్ల పట్టిక ఒకటి సంఘం గోడ మీద అంటిద్దాము, రాసేది మేము రాస్తాము. మూడు, పెద్దవాళ్ళను సర్కారు ఆసుపత్రికి తీసుకుపోవడానికి రిటైరైనవాళ్ళం వంతులు వేసుకుందాము. మాకు పొద్దున పనేముంది?

ఆ అన్న ఇప్పుడు డాక్టరు రాసిచ్చిన బుడ్డి మందే రెండు పూటలా వేసుకుంటున్నారు. పుండు మానింది. మొదటిసారి సర్కారు ఆసుపత్రి వరుసలో ఆయన పక్కన మేమూ నిలబడ్డాము. మనవాళ్ళే నలుగురు కనిపించారు. వాళ్ళూ మమ్మల్ని చూసి తల దించుకోబోయారు, మేమే పోయి పలకరించాము.