28 నిమిషాల చీకటి

1971 అక్టోబరు. లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియో. పగటి రికార్డింగులన్నీ ముగిశాక 23 ఏళ్ల కుర్రాడు గిటార్ పట్టుకుని వచ్చాడు. పేరు నిక్ డ్రేక్. తోడుగా ఉన్నది ఇంజినీర్ జాన్ వుడ్ ఒక్కడే. రెండే రాత్రులు... 11 పాటలు పూర్తయ్యాయి. అదే ‘పింక్ మూన్’ ఆల్బమ్.

అంతకుముందు రెండు ఆల్బమ్‌లలో వయొలిన్ల హంగూ, డ్రమ్ముల తోడూ ఉండేవి. ఇందులో గొంతూ, గిటారూ, ఒక్క పాటలో కాస్త పియానో. అంతే! ఇంకేమైనా చేరుద్దామా అంటే వద్దన్నాడట. ఎవరో పక్కన కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి పాటలు. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. వినేవాళ్లకే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

1972లో విడుదలైతే కొన్నది కొద్దిమందే. డిప్రెషన్‌తో నలిగిపోయిన నిక్, 1974 నవంబరులో అమ్మానాన్నల ఇంట్లోనే కన్నుమూశాడు. అప్పటికి వయసు 26. పాతికేళ్ల తర్వాత, 1999లో ఫోక్స్‌వ్యాగన్ కారు ప్రకటనలో టైటిల్ పాట వినిపించాక గానీ జనం దుకాణాలకు పరుగెత్తలేదు. బతికుండగా దొరకని శ్రోతల్ని ఓ కారు తెచ్చిపెట్టింది!

అతని చావు సంగతి తెలిసి వింటే ప్రతి పాటలోనూ అదే వినపడుతుంది. కానీ ఆల్బమ్‌లో చివరి పాట తెల్లవారడం గురించి. టాన్‌వర్త్ ఊళ్లో అతని సమాధి రాతి మీద చెక్కి ఉన్నవి ఆ పాటలోని మాటలే.